లారీని ఆపే దిమ్మె వేరు, లారీని మళ్ళించే కంచె వేరు

వణీ నుంచి వరోరా వెళ్ళే హైవే పక్కన 2023 మార్చిలో వెదురుతో చేసిన క్రాష్ బ్యారియర్ పెట్టారు. పొడవు 200 మీటర్లు. బంబూసా బాల్కోవా అనే జాతి వెదురుకు పుచ్చిపోకుండా క్రియోసోట్ నూనె పట్టించి, పైన రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ పూత వేసి తయారుచేశారు. ఇందోర్ దగ్గర పీతంపూర్‌లో బండ్లను పరీక్షించే నాట్రాక్స్ కేంద్రంలో దానికి పరీక్షలు జరిగాయి. పేరు ‘బాహుబల్లి’. హిందీలో బల్లి అంటే వాసం అని అర్థం. మా చంద్రపూర్ జిల్లా వెదురుకు పెట్టింది పేరు కాబట్టి ఆ రోజుల్లో బల్లార్షా టీ కొట్లలో కూడా దాని ముచ్చటే నడిచింది.

మా మేనమామ కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. వెదురు గురించి ఆయనకు తెలియనిది లేదు. ఆయన నన్ను ఒకటే అడిగాడు: “అల్లుడా, కంకబొంగు లారీని ఆపుతదంటే, మన అమ్మవారి జాతరకు సందు మొదట్ల గదే పాతొచ్చు కదరా? ఆ చక్రాల బారికేడ్లు ఎందుకు మరి?”

ప్రశ్న న్యాయమైనదే. ఒక్క మాటలో జవాబు చెప్పబోయాను, కుదరలేదు. రోడ్డు పక్కన ఇనుప రేకు కనిపించినా, కాంక్రీటు గోడ కనిపించినా, గేటు ముందు స్తంభాలు కనిపించినా అన్నింటినీ మనం బ్యారియర్ అనే అంటాం. చాలా ఊళ్ళలో తప్పు ఇక్కడే మొదలవుతుంది. అవి చేసే పనులు పూర్తిగా వేరు.

హైవే పక్కన ఉండే కంచె పని బండిని ఆపడం కాదు, మళ్ళించడం. డ్రైవర్‌కు కునుకు పట్టిందనుకుందాం. బండి రోడ్డు దిగి లోయలోకో ఎదురు వరుసలోకో పోకుండా, కంచెకు ఏటవాలుగా రాసుకుని మళ్ళీ రోడ్డు దిశలోకి తిరగాలి. అందుకే దాని పరీక్ష కూడా ఏటవాలుగానే చేస్తారు. అమెరికా వాళ్ళ మాష్ ప్రమాణంలో ఎక్కువగా వాడే మూడో స్థాయి పరీక్షను చూడండి. 2,270 కిలోల పికప్ బండి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో, 25 డిగ్రీల కోణంలో కంచెను తాకుతుంది. ఆ బండిలో ఉన్న మొత్తం శక్తి దాదాపు 8.8 లక్షల జౌళ్లు. కోణం వల్ల కంచె మీదికి నేరుగా వచ్చేది మాత్రం అందులో అయిదో వంతు కూడా ఉండదు, సుమారు 1.56 లక్షల జౌళ్లు. మిగతా శక్తితో బండి రోడ్డు వెంట ముందుకే పోతుంది.

జనం మీదికి కావాలని బండి తోలేవాడు ఏటవాలుగా రాడు, ఎదురుగా వస్తాడు. కంచె నుంచి పక్కకు జారిపోవడం వాడికి అక్కర్లేదు. ఎదురుగా వచ్చే దెబ్బను తట్టుకునే దిమ్మెల (నేలలో పాతే స్తంభాలు, కాంక్రీటు గడ్డలు) పరీక్షల్లో బాగా పేరున్న ఒకదానిలో 6,800 కిలోల లారీని గంటకు 80 కిలోమీటర్ల వేగంతో నేరుగా గుద్దిస్తారు. దాని శక్తి 17 లక్షల జౌళ్లు. హైవే కంచె మీద పడేదానికి ఇది పదకొండింతలు. కాబట్టి వెదురు కంచె దాని చోట అది మంచిదే. దాన్ని తెచ్చి జాతర సందుకు అడ్డంగా పాతితే మాత్రం అది చేయని పనిని దాని నెత్తిన పెట్టినట్టు. ఇనుప రేకు కంచె అయినా అంతే. ఇందులో వెదురు తప్పేమీ లేదు.

ఈ ఎదురు దెబ్బ పరీక్షల వెనక కొన్ని విషాదాలు ఉన్నాయి. 1983 అక్టోబర్‌లో లెబనాన్ రాజధాని బేరూట్‌లో అమెరికా మెరీన్ల బ్యారక్స్‌లోకి పేలుడు పదార్థాలతో నిండిన ట్రక్కు దూసుకుపోయి 241 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. ఆ తర్వాత 1985లో అమెరికా విదేశాంగ శాఖ మొదటి ప్రమాణం రాసుకుంది. 2007లో దాని స్థానంలో ఏఎస్‌టీఎం అనే అమెరికా ప్రమాణాల సంస్థ రాసిన ప్రమాణం వచ్చింది. బ్రిటన్ 2005లో తన సొంత ప్రమాణం తెచ్చుకుంది. 2013లో అంతర్జాతీయ ఒప్పంద పత్రం, 2023లో ఐఎస్ఓ 22343 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చాయి. మొదట్లో అందరి భయం ఒకటే, బాంబు బండి భవనం దగ్గరికి రాకూడదని. 2016 జూలై 14న ఫ్రాన్స్‌లోని నీస్‌లో పండగ జనం మీదికి 19 టన్నుల లారీని తోలి 86 మందిని చంపిన తర్వాత భయం మారింది. అక్కడ బాంబు అవసరమే పడలేదు, బండే ఆయుధమైంది. అదే ఏడాది డిసెంబర్‌లో బెర్లిన్ క్రిస్మస్ సంతలోనూ అదే జరిగింది.

మన వైపు అలాంటి ముప్పు ఎంత ఉందని అడిగితే, నాకు అంతకంటే రోజూ భయపెట్టేది ఇంకొకటి ఉంది. రాజురా, ఘుగ్గుస్, బల్లార్షా రోడ్ల మీద పగలూ రాత్రీ బొగ్గు టిప్పర్లు తిరుగుతాయి. గడ్చిరోలి వైపు ఇనుప ఖనిజం లారీలు. వాటిలో ఒక్కదానికి బ్రేకులు ఫెయిలై వారం అంగట్లోకి వచ్చినా జరిగేది అదే. కావాలని వచ్చిందా, అదుపు తప్పి వచ్చిందా అని దిమ్మె అడగదు. దానికి మూడు విషయాలతోనే పని: బండి బరువెంత, వేగమెంత, ఏ కోణంలో వచ్చింది.

పరీక్ష ఎలా చేస్తారో కొంచెం దగ్గరగా చూద్దాం. ముందుగా నేలలో గుంత తవ్వి, దిమ్మెను అసలు చోట ఎలా పాతుతారో అలాగే పాతుతారు. కాంక్రీటు గట్టిపడే దాకా ఆగుతారు. తర్వాత మామూలు లారీనే తెస్తారు. అందులో డ్రైవర్ ఉండడు. వెనక బరువు పేర్చి, కదలకుండా బిగించి, మొత్తం తూకం వేస్తారు. కింద పట్టా లాంటి దారి ఉంటుంది. దాని వెంట ఇనుప తాడుతో లారీని లాగుతూ వేగం పెంచుతారు. దిమ్మెకు కొద్ది దూరంలో తాడు విడిపోతుంది. అక్కడి నుంచి లారీని లాగేవాళ్ళు లేరు, పట్టి ఆపేవాళ్ళు లేరు. పక్కనుంచి, పైనుంచి హైస్పీడ్ కెమెరాలు తీస్తుంటాయి. మామూలు కంటికి ఒక్క పెద్ద చప్పుడు, దుమ్ము. ఆ వీడియోను నెమ్మదిగా తిప్పితేనే అసలు సంగతి కనిపిస్తుంది. ముందు బంపర్ దిమ్మె చుట్టూ మడతపడుతుంది. తర్వాత బండి అడుగున ఉండే ఛాసిస్ దూలాలు దాన్ని పట్టుకుంటాయి. క్యాబిన్ ముందుకు తూలుతుంది. వెనక చక్రాలు గాల్లోకి లేస్తాయి. వెనకున్న బరువు ఇంకా ముందుకే పోవాలని చూస్తుంది. దిమ్మె కొంచెం వంగుతుంది. దాని పాదం దగ్గర నేల పగులుతుంది.

తర్వాత టేపు తీసి కొలుస్తారు. ఎక్కడి దాకా కొలుస్తారన్నది చాలామంది చదవకుండా వదిలేసే సంగతి. అమెరికా ఏఎస్‌టీఎం ప్రమాణంలో ట్రక్కు విషయంలో కొలిచేది బంపర్ ఎంత లోపలికి వచ్చిందని కాదు, సరుకు వేసే తొట్టి ముందు అంచు ఎంత లోపలికి వచ్చిందని. బాంబు ఉండేది తొట్టిలోనే కదా, ఈ ప్రమాణం పుట్టింది ఆ భయంలోంచే. తొట్టి అంచు ఒక మీటరు లోపే ఆగితే పీ1 అంటారు. ఏడు మీటర్ల దాకా పోతే పీ2. ముప్ఫై మీటర్ల దాకా పోతే పీ3. దిమ్మె కాగితం మీద ‘ఎం50-పీ1’ అని ఉంటే అర్థం ఇది: 6,800 కిలోల ట్రక్కు, గంటకు 50 మైళ్ళు, అంటే 80 కిలోమీటర్ల వేగం, లోపలికి వచ్చింది మీటరు లోపు. ఎం30 అంటే అదే ట్రక్కు గంటకు 48 కిలోమీటర్ల వేగంతో. వేగం రెట్టింపు కూడా కాలేదు, శక్తి మాత్రం 6.1 లక్షల జౌళ్ల నుంచి 17 లక్షలకు, దాదాపు మూడింతలకు పెరిగింది. వేగం వర్గంతో శక్తి పెరుగుతుందని పదో తరగతి లోపే చదువుకున్నాం. ఇక్కడ దాని మీద ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.

జనం ఉండే చోటికి ఈ అక్షరాలను తెచ్చుకునేటప్పుడు జాగ్రత్త కావాలి. పీ2 అన్న దిమ్మె ఒక ఆఫీసు ప్రాంగణానికి సరిపోవచ్చు, ఎందుకంటే భవనం ఇరవై మీటర్ల వెనక ఉంటుంది. జాతర సందులో ఆ ఏడు మీటర్లలో మనుషులుంటారు. పీ1 అయినా సరే, తొట్టి ఆగిన చోటికి ముందు క్యాబిన్, ఇంజన్ ఉంటాయి. పగిలిన ముక్కలు ఎగురుతాయి. అందుకే దిమ్మెకు ఆనుకుని బొమ్మల దుకాణం, చెరుకు రసం బండి పెట్టనివ్వకూడదు. దిమ్మె వెనక కొన్ని అడుగులు ఖాళీగా ఉంచడం కూడా ఆ ఏర్పాటులో భాగమే.

మా బావ పది టైర్ల టిప్పర్ నడుపుతాడు. 2018లో కేంద్రం పెంచిన పరిమితి ప్రకారం అలాంటి బండి మొత్తం బరువు 28.5 టన్నుల దాకా ఉండొచ్చు. పరీక్షలో వాడే 6.8 టన్నుల ట్రక్కుకు నాలుగింతలు. అది గంటకు 40 కిలోమీటర్లతో వస్తే శక్తి ఎంతని లెక్క వేశాను. 17.6 లక్షల జౌళ్లు. అంటే ఊళ్ళో మామూలుగా పోయే నిండు టిప్పర్ ఒక్కటి, పుస్తకంలోని ఆ గొప్ప పరీక్ష కంటే కొంచెం ఎక్కువ దెబ్బే కొడుతుంది. బావకు చెబితే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అందుకే అంగడి దగ్గరికొస్తే నాకు టెన్షన్” అన్నాడు. 29.5 టన్నుల బండితో పరీక్షించే తరగతి కూడా ఆ అమెరికా ప్రమాణంలో ఉంది. విదేశీ కాగితం మీద ‘లారీని ఆపుతుంది’ అని రాసి ఉంటే, ఏ లారీ అని అడగడం మన హక్కు.

ఇప్పుడు మామ అన్న చక్రాల బారికేడ్ల సంగతి. పసుపు రంగు, పైన ఏదో కొట్టు ప్రకటన, కింద నాలుగు చిన్న చక్రాలు. ఒక జాతరలో నేను వాటి పక్కనే నిలబడ్డాను. రెండింటిని కలిపి కొబ్బరి తాడుతో కట్టారు. సామాను దింపిన టెంపో ఒకటి రివర్స్ తీసుకుంటూ, చూసుకోక, నడక వేగంతో దాన్ని తాకింది. చక్రాలు కీచుమన్నాయి. రెండు బారికేడ్లూ తాడుతో సహా మూడు నాలుగు అడుగులు వెనక్కి జరిగాయి. అక్కడ కూర్చుని గాజులు అమ్ముతున్న పెద్దామె బుట్ట పట్టుకుని లేచి నిలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బారికేడ్ పని మనుషులకు దారి చూపడం, వరుసలో నిలబెట్టడం. ఆ పని అది బాగానే చేస్తుంది. బండి ముందు అది ఒక బోర్డు మాత్రమే.

మరి బరువైన కాంక్రీటు దిమ్మెలు? చూడటానికి ధైర్యంగా ఉంటాయి. లెక్క వేద్దాం. నేల మీద ఊరికే పెట్టిన రెండు టన్నుల దిమ్మెను పట్టి ఉంచేది కింద ఘర్షణ ఒక్కటే. అది మహా అయితే ఒకటి, ఒకటింబావు టన్ను బరువంత బలం. పరీక్ష ట్రక్కు తన ముక్కు నలగడం కూడా కలుపుకుని రెండు మీటర్లలో ఆగాలంటే కావలసిన సగటు బలం దాదాపు 87 టన్నుల బరువంత. తేడా మీకే కనిపిస్తుంది. దిమ్మె ఆగదు, లారీతో కలిసి జారుతుంది. అప్పుడు జనం మీదికి వచ్చేవి రెండు. అందుకే తాత్కాలికంగా పెట్టే వాటిలో కూడా మంచివి విడివిడిగా ఉండవు. గొలుసులా ఒకదానికొకటి ఇనుముతో కలిసి ఉంటాయి, పరీక్ష కూడా అలా కలిపే చేస్తారు. కలపకుండా పెడితే పరీక్షించిన వస్తువు అది కాదు.

నేలలో పాతే స్తంభానికి బలం కనిపించే భాగంలో కంటే కనిపించని భాగంలోనే ఎక్కువ. పైన ఉన్నది మందపాటి ఉక్కు గొట్టం, లోపల కాంక్రీటు. కాంక్రీటు లేకపోతే గొట్టం దెబ్బ తగిలిన చోట చపాతీలా నొక్కుకుపోయి మడతపడుతుంది. ఎత్తు తక్కువైతే చక్రం ఎక్కి దాటేస్తుంది, ఛాసిస్ దూలానికి తగిలేంత ఎత్తు ఉండాలి. కింద ఇనుప కడ్డీల బోను, దాని చుట్టూ కాంక్రీటు. లారీ పైన తోస్తుంటే పాదం కింద పెకలించుకోకుండా పట్టేది అదే. చిక్కేమిటంటే మన బజార్లలో లోతుగా తవ్వితే మంచినీటి పైపు, మురుగు కాలువ, కేబుల్, ఏదో ఒకటి తగులుతుంది. దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం నాకు బాగా నచ్చింది. లోతు తగ్గించి వెడల్పు పెంచారు. వరుసగా ఉన్న స్తంభాలన్నింటినీ కింద ఒకే ఉక్కు చట్రానికి బిగించి, ఆ చట్రాన్ని తక్కువ లోతులో పరిచి, పైన కాంక్రీటు పోస్తారు. ఒక్క గుంజను పీకడం తేలిక. నిచ్చెనను నేలలో పడుకోబెట్టి మట్టి కప్పి, దాని ఒక్క మెట్టును పట్టుకుని పీకమంటే? ఒక స్తంభానికి దెబ్బ తగిలితే పక్కవన్నీ పంచుకుంటాయి. ఇలాంటి మార్పులను ముందు కంప్యూటర్‌లో లారీని, దిమ్మెను చిన్న చిన్న ముక్కలుగా గీసి గుద్దించి చూస్తారు. గొట్టం మందం కొన్ని మిల్లీమీటర్లు పెంచితే ఏమవుతుంది, కడ్డీలు ఇంకో వరుస వేస్తే ఏమవుతుంది అని చూసుకుంటారు. నచ్చినదాన్ని పాతి నిజం లారీతో గుద్దిస్తారు. ఆ చివరి గుద్దు లేకుండా ధీమాగా ఉండడం నాకైతే సరికాదనిపిస్తుంది.

ఇక్కడే మన నేల గురించి ఒక మాట. వార్ధా నది పరీవాహకంలో చాలా చోట్ల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత నెర్రెలు విడుస్తుంది. పరీక్ష మైదానంలో గట్టిగా దట్టించిన కంకర మట్టిలో పాస్ అయిన దిమ్మెను తెచ్చి, రేగడిలో అదే గుంత తవ్వి పాతేస్తే, రెండు ఎండాకాలాల తర్వాత దాని పాదం చుట్టూ ఏముంటుందో రైతును అడిగినా చెబుతాడు. రేగడిని తీసేసి మొరం నింపి దట్టించాలి, లేదా పునాది పెంచాలి. పరీక్ష కాగితంలో ఏ నేల అన్నది కూడా రాసి ఉంటుంది, చదవాలి.

స్తంభాల మధ్య ఖాళీ 1.2 మీటర్లకు మించకూడదన్నది అంతర్జాతీయంగా పాటించే కొలత. మనకు అది బాగా సరిపోతుంది. మామూలు ఆటో వెడల్పు 1.3 మీటర్లు, చిన్న కారు దాదాపు 1.5. అవి పట్టవు. వీల్‌చైర్, సైకిల్, బోనం ఎత్తుకున్న ఆడవాళ్ళు హాయిగా పోతారు. బైకు కూడా పోతుంది, దాన్ని ఆపడం దిమ్మెల పని కాదు. 2017 మే 18న న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో కాలిబాట మీద జనాన్ని గుద్దుకుంటూ వచ్చిన కారు చివరికి ఉక్కు స్తంభాలెక్కి ఆగిపోయింది. అప్పటికే ఒక అమ్మాయి చనిపోయింది, చాలామంది గాయపడ్డారు. స్తంభాలు లేకపోతే ఇంకెంత దూరం పోయేదో.

కానీ అంబులెన్స్ రావాలి, ఫైరింజన్ రావాలి, అమ్మవారి రథం పోవాలి. దారి పూర్తిగా మూసేయలేం. ప్రమాదం తరచుగా ఆ తెరిచి ఉంచిన చోటినుంచే వస్తుంది. 2024 డిసెంబర్ 20న జర్మనీలోని మాగ్డెబర్గ్ క్రిస్మస్ సంత చుట్టూ కాంక్రీటు దిమ్మెలు ఉన్నాయి. అత్యవసర బండ్ల కోసం వదిలిన దారిలోంచి కారు లోపలికి వచ్చింది. ఆరుగురు చనిపోయారు. పన్నెండు రోజులు తిరక్కముందే, 2025 జనవరి 1న న్యూ ఆర్లీన్స్‌లోని బర్బన్ స్ట్రీట్‌లో పికప్ ట్రక్ అడ్డంగా నిలిపిన పోలీసు బండిని కాలిబాట మీదుగా తప్పించుకుని వచ్చి 14 మందిని బలి తీసుకుంది. అక్కడి పాత స్తంభాలు పట్టాల మీద జరిగే రకం. పండగల్లో విసిరే పూసల దండలు ఆ పట్టాల్లో ఇరుక్కుని సరిగ్గా పనిచేయడం మానేశాయి. కొత్తవి వేసే పని నడుస్తుండగానే ఆ ఘోరం జరిగింది.

ఆ పూసల దండల సంగతి చదివినప్పుడు నాకు మన జాతర నేల కళ్ళముందు మెదిలింది. పసుపు, కుంకుమ, కొబ్బరి పీచు, అరటి తొక్కలు, వాన పడితే బురద. పైకీ కిందికీ జరిగే స్తంభం, దానికి మోటారు, సెన్సారు, అంతా టెండర్ బొమ్మలో ముద్దుగా ఉంటుంది. మా ఊళ్ళలాంటి చోట నా ఓటు చేత్తో ఎత్తి తీసే, తాళం వేసే స్తంభానికే. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో, ఫైరింజన్ వస్తే ఎవరు పరిగెత్తాలో ఒక మనిషి పేరు రాసి పెట్టాలి.

ఇంత ఖర్చు మన పంచాయతీలు భరించలేవు అనే మాట వెంటనే వస్తుంది. నిజమే. అందుకే చౌకైన సగం పని ముందు చేయాలి. అది వేగం తగ్గించడం. వేగం సగమైతే దెబ్బ పావు వంతు అవుతుంది. గోల్కొండ కోట బాలాహిస్సార్ దర్వాజా ముందు అడ్డంగా ఒక గోడ నిలబడి ఉంటుంది, చూసే ఉంటారు. ఏనుగు దూరం నుంచి పరిగెత్తుకొచ్చి తలుపును గుద్దకుండా కట్టిన గోడ అది. పక్కకు తిరిగి వచ్చేసరికి ఏనుగు ఊపు పోతుంది. తలుపును మరీ బలంగా చేయడం కంటే, తలుపు దాకా వచ్చే దారిని వంకర చేయడం తేలికని ఆనాటి మేస్త్రీకి తెలుసు. ఇప్పుడు పోలీసు నాకాల (చెక్‌పోస్టుల) దగ్గర ఎడమ ఒకటి, కుడి ఒకటిగా పెట్టే డ్రమ్ములు అదే పని చేస్తాయి. జాతర సందు నేరుగా హైవేకు తెరుచుకుంటే, ఆ రోజుల్లో బండ్లను రెండు మలుపులు తిరిగే దారిలోకి మళ్ళిస్తే చాలు. అప్పుడు ఎం50 అవసరమైన చోట ఎం30తో సరిపెట్టుకోవచ్చు. ఏ దారిలో బండి ఎంత వేగం అందుకోగలదో ముందు కొలిచి, తర్వాత దిమ్మె కొనడమే అసలు పద్ధతి. మనం తిరగేసి చేస్తున్నాం. ముందు దిమ్మెలు కొని, తర్వాత ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాం.

2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు సిరొంచ వైపు ఎంత జనం వచ్చారో చూశాం. 2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్ దారులు, పార్కింగ్, బస్సులు ఎక్కడ ఆగాలన్నది ఇప్పటినుంచే కాగితం మీద గీస్తే, ఆ గీతల్లోనే సగం భద్రత వచ్చేస్తుంది.

ఈ లెక్కలన్నీ విన్నాక మామ ఇంట్లోకి పోయి మిల్లు రోజుల నాటి ఇనుప టేపు తెచ్చాడు. ఇద్దరం సాయంత్రం అంగడి వైపు నడిచాం. సందు మొదట్లో ఈ మధ్యే పాతిన స్తంభాలు ఉన్నాయి, ఎరుపు తెలుపు రంగు కొత్తగా మెరుస్తోంది. మామ ఒక చివర పట్టుకున్నాడు, నేను రెండో చివర లాగాను. మధ్యలో అయిదడుగులు. ఇంకోసారి కొలుద్దామని వంగేసరికి వెనక ఆటో హారన్ కొట్టింది. పక్కకు జరిగాం. ముగ్గురు ప్యాసింజర్లతో అది రెండు స్తంభాల మధ్య నుంచి, వేగం తగ్గించకుండానే, అంగట్లోకి వెళ్ళిపోయింది.